కృప ముందా, ఆజ్ఞ ముందా?

క్రైస్తవ సంఘంలో కృపకూ ధర్మశాస్త్రానికీ మధ్య వచ్చిన తగాదా పండితుల గ్రంథాలయంలో పుట్టలేదు, భోజనాల దగ్గర పుట్టింది. మొదటి శతాబ్దం నడిమికాలంలో, సిరియాలోని అంతియొకయ పట్టణంలో, యేసును మెస్సీయగా నమ్మిన యూదులూ, అలాగే నమ్మిన యూదేతరులూ కలిసి ఒకే పంక్తిన కూర్చుని తినేవారు. అక్కడికి వచ్చిన, యేసు ముఖ్య శిష్యుడైన పేతురు కూడా మొదట వాళ్లతో కలిసే తిన్నాడు. తరువాత యెరూషలేము సంఘపు పెద్ద యాకోబు దగ్గరి నుండి కొందరు వచ్చారు. వాళ్లు రాగానే పేతురు మెల్లగా వెనక్కి తగ్గి వేరుగా కూర్చోవడం మొదలుపెట్టాడు; ఆయనను చూసి మిగిలిన యూదులు, చివరికి యూదేతరులకు సువార్త ప్రకటించే పౌలుకు కుడిభుజం వంటి బర్నబా కూడా, పంక్తి మారారు. పౌలు అందరి ముందే పేతురును నిలదీశాడు. గలతీయులకు రాసిన పత్రిక రెండవ అధ్యాయంలో ఈ సంగతి పౌలే స్వయంగా చెప్పాడు. ఆ సంగతి వెంబడే, ధర్మశాస్త్ర సంబంధమైన క్రియల వలన ఏ మనిషీ దేవుని ఎదుట నీతిమంతుడు కాలేడని, యేసుక్రీస్తు నందలి విశ్వాసం వలననే అవుతాడని చెప్పే ప్రసిద్ధ వాక్యం వస్తుంది.

ఈ సన్నివేశాన్ని ముందు పెట్టడానికి కారణం ఉంది. "విశ్వాసమా, క్రియలా?" అన్న ప్రశ్నను మనం సాధారణంగా ఒంటరి మనిషి మనస్సాక్షికి సంబంధించినదిగా వింటాం: నేను చేసిన మంచి పనులు నన్ను దేవుని దగ్గరకు చేర్చగలవా, లేక ఆయన దయ ఒక్కటే చేర్చాలా? అది నిజమైన ప్రశ్నే. కానీ అంతియొకయలో పౌలు ముందున్న ప్రశ్న అది కాదు. ఎవరు ఎవరితో కూర్చుని తినవచ్చు, దేవుని ప్రజలలో చేరాలంటే యూదుడు కానివాడు ముందు యూదుడు కావాలా అన్నది అక్కడి ప్రశ్న. ఈ రెండింటికీ తోడు మూడవది కూడా ఉంది: దేవుడు అంగీకరించిన తరువాత మనిషి ఎలా బతకాలి, ఆ బతుకులో ఆజ్ఞలకు చోటు ఉందా లేదా. "ధర్మశాస్త్రం" అన్న ఒక్క మాట ఈ మూడు ప్రశ్నలలోనూ తిరుగుతూ, ఒక్కొక్కచోట ఒక్కొక్క పని చేస్తుంది. ఒక ప్రశ్నకు చెప్పిన జవాబును తెచ్చి ఇంకొక ప్రశ్నకు అతికించడం వల్లనే ఈ వాదనలో చిక్కు చాలావరకు పడిందని నా అభిప్రాయం.

ముందు ఆ మాటనే చూద్దాం. హీబ్రూలో "తోరా" అంటే ఉపదేశం, దారి చూపే బోధ. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దం నుండి తమ లేఖనాలను గ్రీకులోకి మార్చుకున్న యూదులు దానికి "నోమోస్" అన్న పదం వాడారు. గ్రీకు చెవికి అది చట్టం, కట్టుబాటు. తెలుగు అనువాదకులు "ధర్మశాస్త్రము" అన్నారు. అది చెడ్డ ఎంపిక కాదు, కానీ శాస్త్రం అనగానే మనకు విధినిషేధాల పట్టిక కళ్లకు కడుతుంది. తోరాలో అలాంటి పట్టికలు లేకపోలేదు. రబ్బీల (యూద బోధకుల) సంప్రదాయం అందులోని ఆజ్ఞలను 613గా లెక్కకట్టి, చేయవలసినవి 248, చేయకూడనివి 365 అని విభజించింది. అయితే ఆ ఆజ్ఞలన్నీ ఒక పెద్ద కథ నడుమ పొదిగి ఉన్నాయి: సృష్టి, అబ్రాహాము ప్రయాణాలు, ఐగుప్తులో దాస్యం, విడుదల. కథను తీసేసి ఆజ్ఞలను మాత్రమే చదివితే వాటి స్వరం మారిపోతుంది.

పది ఆజ్ఞల ఆరంభాన్ని దగ్గరగా చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. నిర్గమకాండం 20వ అధ్యాయంలో ఆ ఆజ్ఞలు మొదలయ్యేది ఆజ్ఞతో కాదు. దాసుల గృహమైన ఐగుప్తు నుండి నిన్ను బయటికి రప్పించిన నీ దేవుడను నేనే అన్న ప్రకటనతో అవి మొదలవుతాయి. యూద సంప్రదాయం ఆ వాక్యాన్నే పది మాటలలో మొదటి మాటగా లెక్కిస్తుంది. జనం సముద్రం దాటింది 14వ అధ్యాయంలో, సీనాయి కొండ దగ్గరకు చేరింది 19వ అధ్యాయంలో, పలకల మీద రాసిన ఆజ్ఞలు వచ్చింది ఆ తరువాత. ఈ పది పాటించండి, పాటించినవారిని విడిపిస్తాను అని మోషే చేత ఐగుప్తుకు కబురు పంపినట్టు ఎక్కడా లేదు. విడుదల ముందు, ఆజ్ఞ వెనుక. ద్వితీయోపదేశకాండం ఇంకా ముక్కుసూటిగా చెబుతుంది: మీరు ఎక్కువమంది అని దేవుడు మిమ్మల్ని ఏర్పరచుకోలేదు, అన్ని జనాలలో మీరే తక్కువమంది అంటుంది 7వ అధ్యాయం, మీ నీతిని చూసి ఈ దేశం ఇవ్వడం లేదు అంటుంది 9వ అధ్యాయం. కృప అన్న సంగతి కొత్త నిబంధనలో హఠాత్తుగా ఊడిపడలేదు.

అందువల్ల పాత నిబంధన అంటే ధర్మశాస్త్రం, కొత్త నిబంధన అంటే కృప అని గీత గీసి చెప్పే పద్ధతి, ఎంత ప్రచారంలో ఉన్నా, నిలబడదు. ఆ గీతను చివరిదాకా గీసిన వ్యక్తి రెండవ శతాబ్దపు మార్సియోను. హీబ్రూ లేఖనాల దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అని ఆయన బోధించాడు. సుమారు 144లో రోమా సంఘం ఆయనను వెలివేసింది. మార్సియోను పేరు వినని చాలామంది ప్రసంగీకులు తెలియకుండానే సగం దారి ఆయన వెంట నడుస్తుంటారు. దీనికి జంటగా ఇంకొక పొరపాటు ఉంది: యూదులు పుణ్యం కూడబెట్టి దేవుని మెప్పు కొనుక్కోవాలని చూసేవారని అనుకోవడం. 1977లో బైబిలు పండితుడు ఇ.పి. సాండర్స్ ప్రచురించిన అధ్యయనం ఈ చిత్రాన్ని గట్టిగా కదిలించింది. ఆయన చూపించినదాని ప్రకారం, పౌలు కాలం నాటి యూద రచనలలో ఎక్కువ భాగం దేవుని నిబంధనలో, అంటే ఆయన తన ప్రజలతో చేసిన ఒడంబడికలో, ప్రవేశాన్ని ఆయన ఎన్నికకూ దయకూ ఆపాదించాయి. ఆజ్ఞలు పాటించడం ఆ నిబంధనలో నిలిచి ఉండే తీరు మాత్రమే. తప్పిపోయినవారికి పశ్చాత్తాపం, ప్రాయశ్చిత్తం అందులోనే ఉన్నాయి.

అలాగైతే పౌలు దేనికి ఎదురు తిరిగాడు? గలతీయ సంఘాలలోకి వచ్చిన బోధకులు యేసును వదిలేయమనలేదు. యేసును నమ్మడం మంచిదే, దానితోపాటు సున్నతి కూడా పొందండి, అప్పుడే అబ్రాహాము సంతానంగా మీరు లెక్కలోకి వస్తారు అన్నారు. ఆదికాండం 17వ అధ్యాయం వాళ్ల వైపే ఉంది. సున్నతి నిత్య నిబంధన అని అక్కడ స్పష్టంగా ఉంది. పౌలు ఎంచుకున్న జవాబు చాలా తెలివైనది: ఆయన అదే అబ్రాహామును తీసుకుని, తేదీలు చూడమన్నాడు. అబ్రాహాము దేవుణ్ణి నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది అన్న మాట 15వ అధ్యాయంలో ఉంది. సున్నతి వచ్చింది 17లో, అతనికి తొంభై తొమ్మిదేళ్లప్పుడు. అంటే నీతిమంతుడని పేరు పడినరోజు అబ్రాహాము సున్నతి లేనివాడు. సీనాయి ధర్మశాస్త్రమైతే వాగ్దానానికి 430 ఏళ్ల తరువాత వచ్చిందని గలతీ పత్రిక మూడవ అధ్యాయం లెక్క చెబుతుంది. ముందే ఖాయమైన ఒప్పందాన్ని వెనుక వచ్చింది కొట్టివేయలేదు. ఇక్కడ కూడా వాదం వరుస మీదనే నడుస్తోంది, ఏది ముందు, ఏది వెనుక అని.

రోమా పత్రిక నాలుగవ అధ్యాయంలో అదే వాదాన్ని ఆయన జీతం లెక్కలోకి మార్చాడు. పని చేసేవాడికి ఇచ్చే జీతం ఋణమే కాని దానం కాదు అంటాడు. ఈ ఒక్క పోలికలో కృప అన్న మాట అర్థం మొత్తం ఉంది. జీతం అడగవచ్చు, ఇవ్వకపోతే దావా వేయవచ్చు. దానాన్ని అడిగి పుచ్చుకునే హక్కు ఎవరికీ లేదు. మత్తయి 20వ అధ్యాయంలో యేసు చెప్పిన ద్రాక్షతోట ఉపమానం ఇదే సంగతిని ఎదురు దిక్కు నుండి చూపిస్తుంది. తెల్లవారినప్పటి నుండి ఎండలో కష్టపడినవాడికీ, చివరి గంట మాత్రమే పనిచేసినవాడికీ ఒక్కొక్క దేనారమే ముట్టింది. గొణిగింది ఎవరు? తక్కువ ముట్టినవారు కాదు, ఒప్పుకున్న కూలి పూర్తిగా ముట్టినవారు. వాళ్ల ఫిర్యాదులో అన్యాయం జరిగిందన్న మాట లేదు, వీళ్లను మాతో సమానం చేశావన్న మాట ఉంది. అంతియొకయ పంక్తిలో చిక్కు కూడా సరిగ్గా అదే.

పౌలుకు సున్నతి మీదనే కోపం ఉండేదని ఎవరైనా అనుకుంటే, ఆయన ఇద్దరు సహచరుల సంగతి చూడాలి. గ్రీకువాడైన తీతుకు సున్నతి చేయాలన్న ఒత్తిడి వచ్చినప్పుడు ఆయన ఒక్క క్షణం కూడా లొంగలేదు. తల్లి యూదురాలైన తిమోతికి మాత్రం, ప్రయాణంలో కలిసే యూదుల నిమిత్తం, తానే సున్నతి చేయించాడని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చెబుతుంది. ఒకే ఆచారం ఒకచోట తిరస్కరించదగినది, ఇంకొకచోట ఆచరించదగినది. తేడా ఆచారంలో లేదు. అది లేకపోతే నీకు చోటు లేదు అనే షరతులో ఉంది. యెరూషలేములో పెద్దలు కూడి చర్చించిన సభ, అదే గ్రంథం 15వ అధ్యాయం ప్రకారం, యూదేతరులపై సున్నతి భారం మోపకూడదని తేల్చింది. విగ్రహాలకు అర్పించినవాటినీ, రక్తాన్నీ, గొంతు పిసికి చంపినవాటినీ, జారత్వాన్నీ మానుకోవాలని మాత్రం కోరింది. ఆ నాలుగింటిలో మూడు భోజనానికి సంబంధించినవే కావడం గమనించదగినది.

"ధర్మశాస్త్ర సంబంధమైన క్రియలు" అంటే ఏమిటన్న చర్చ ఇక్కడ నుండి రెండుగా చీలుతుంది. ఒక వర్గం వాటిని మనిషి చేసే మంచి పనులన్నిటికీ పేరుగా తీసుకుంది. జేమ్స్ డన్ వంటి పండితులు 1980ల నుండి వేరే మాట చెప్పారు: అవి ముఖ్యంగా యూదుణ్ణి యూదేతరుడి నుండి వేరుచేసే గుర్తులు, అంటే సున్నతి, ఆహార నియమాలు, విశ్రాంతి దినం. మృత సముద్రం దగ్గరి కుమ్రాను గుహలలో దొరికి 1994లో అధికారికంగా ప్రచురితమైన ఒక హీబ్రూ పత్రంలో దాదాపు ఇదే పదబంధం కనిపించడం, అది శుద్ధి నియమాలు, బలులు వంటి విషయాలను చర్చించే సందర్భంలో ఉండడం ఈ వాదానికి బలమిచ్చింది. అంతియొకయ సన్నివేశానికి ఈ వివరణ చక్కగా సరిపోతుంది. కానీ ఇది సగమే సరిపోతుందని నాకు అనిపిస్తుంది. రోమా పత్రిక ఏడవ అధ్యాయంలో ధర్మశాస్త్రం మనిషిలో పాపాన్ని ఎలా బయటపెడుతుందో చెప్పడానికి పౌలు సున్నతినో పందిమాంసాన్నో ఉదాహరణగా తీసుకోలేదు. "ఆశింపవద్దు" అన్న ఆజ్ఞను తీసుకున్నాడు. అది పది ఆజ్ఞలలోనిది, లోపలి కోరికను తాకేది, యూదుడికైనా ఇంకెవరికైనా ఒకేలా వర్తించేది. కనుక, ఆచారాలకు సంబంధించిన భాగం పోయింది, నీతికి సంబంధించిన భాగం ఉంది అని రెండు ముక్కలు చేసి చేతులు దులుపుకునే వీలు పౌలు ఇవ్వడు. నీతి, ఆచార, న్యాయ విధులని మూడుగా విభజించే పద్ధతి మధ్యయుగంలో థామస్ అక్వినాస్ రచనలలో చక్కగా కుదురుకుంది, తరువాతి ప్రొటెస్టెంటు విశ్వాస ప్రమాణాలలోనూ కొనసాగింది. బోధించడానికి అది పనికివస్తుంది. పౌలు పత్రికలలో మాత్రం ఆ విభజన కనిపించదు.

మరి ధర్మశాస్త్రం ఎందుకు ఇచ్చినట్టు? ఈ ప్రశ్న పౌలే వేసుకున్నాడు. గలతీ పత్రికలో ఆయన ఇచ్చిన జవాబును మన బైబిలు "బాలశిక్షకుడు" అన్న పదంతో చెబుతుంది. ఆ మాట వినగానే అక్షరాలు దిద్దించే గురువు గుర్తుకు వస్తాడు. గ్రీకు మూలంలోని "పైదగోగోస్" గురువు కాదు. సంపన్నుల ఇళ్లలో పిల్లవాడిని బడికి తీసుకువెళ్లి తీసుకువచ్చే, అల్లరి చేస్తే అదిలించే దాసుడు. పాఠం చెప్పేది వేరొకరు. పిల్లవాడు పెద్దవాడయ్యాక ఆ దాసుడి అజమాయిషీ ఉండదు, అలాగని అతడు ఆ ఇంటికి శత్రువూ కాడు. శిక్ష అన్న మాటలో మనకు వినిపించే చదువు, దండన అన్న రెండు అర్థాలూ అతని పనిలో ఉన్నాయి కనుక, తెలుగు పదం మూలానికి దూరంగా ఉన్నా ఛాయను పట్టుకుంది. రోమా 10:4లో ఉన్న "టెలోస్" అన్న మాట ఇంతకన్నా కష్టమైనది. క్రీస్తు ధర్మశాస్త్రానికి "సమాప్తి" అని తెలుగు బైబిలు. టెలోస్‌కు ముగింపు అన్న అర్థం ఉంది, గమ్యం అన్న అర్థమూ ఉంది. మొదటిది తీసుకుంటే ధర్మశాస్త్రం ఆగిపోయింది. రెండవది తీసుకుంటే చేరవలసిన చోటికి చేరింది. ధర్మశాస్త్రాన్ని కొట్టివేయడానికి కాదు, నెరవేర్చడానికి వచ్చానని యేసు అన్న మత్తయి సువార్త పక్కన పెట్టి చదివితే రెండవ అర్థం వైపే మొగ్గు కనిపిస్తుంది, అయినా మొదటిది పూర్తిగా తొలగిపోదు.

యాకోబు పత్రిక ఈ చర్చలో ఎప్పుడూ అడ్డం వచ్చే రాయి. మనుష్యుడు విశ్వాసమూలమున మాత్రము కాక క్రియల మూలమునను నీతిమంతుడని ఎంచబడతాడని అది బాహాటంగా చెబుతుంది. దానికి ఉదాహరణగా తెచ్చేది కూడా ఆ అబ్రాహామునే, ఆ ఆదికాండం 15వ అధ్యాయపు వాక్యాన్నే. ప్రొటెస్టెంటు సంస్కరణకు ఆద్యుడైన జర్మన్ బోధకుడు లూథరు 1522 నాటి తన ముందుమాటలో, ప్రధాన గ్రంథాలతో పోలిస్తే ఇది గడ్డిపరక వంటి పత్రిక అన్నాడు. కానీ యాకోబు ఎవరితో వాదిస్తున్నాడో చూస్తే ఎదురెదురు నిలబడినట్టున్న పౌలూ యాకోబూ ఇద్దరూ వేర్వేరు వాకిళ్లకు కాపలా కాస్తున్నారని తెలుస్తుంది. దేవుడొక్కడే అని నమ్ముతున్నావా, మంచిది, దయ్యాలు కూడా నమ్మి వణుకుతున్నాయి అంటాడు. ఆ విశ్వాసం కేవలం ఒప్పుకోలు, బుర్ర ఊపడం. పౌలు చెప్పే విశ్వాసం అది కాదు. ప్రేమ వలన కార్యసాధకమగు విశ్వాసమని గలతీ పత్రికలోనే ఆయన దాన్ని వర్ణించాడు.

ఇక్కడ మన భాష మనకు చేసే మేలు ఒకటి ఉంది. "విశ్వాసం" అన్న మాటను తెలుగులో నమ్మకానికీ వాడతాం, యజమానిని విడవని కుక్క గుణానికీ వాడతాం. మాట తప్పి వెన్నుపోటు పొడిచినవాడిని విశ్వాసఘాతకుడు అంటాం; వాడు నమ్మనివాడని కాదు, నమ్మకాన్ని నిలబెట్టుకోనివాడని. గ్రీకు "పిస్తిస్"కు కూడా ఈ రెండు ముఖాలూ ఉన్నాయి: ఒకరిని నమ్మడం, ఒకరికి నమ్మకంగా ఉండడం. అందుకే "క్రీస్తు విశ్వాసం" అని అక్షరాలా చదవదగిన పౌలు పదబంధాన్ని క్రీస్తును మనం నమ్మడంగా చదవాలా, తండ్రి పట్ల క్రీస్తు చూపిన నమ్మకత్వంగా చదవాలా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. "క్రీస్తునందలి" అని చేర్చి తెలుగు బైబిలు మొదటి అర్థాన్ని ఖాయం చేసింది.

ప్రశ్న భోజన పంక్తి నుండి మనస్సాక్షికి మారింది ప్రధానంగా ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీను కాలంలో, అంటే నాలుగైదు శతాబ్దాలలో. నీవు ఆజ్ఞాపించినదాన్ని నీవే అనుగ్రహించు, ఆ తరువాత నీ ఇష్టమైనదాన్ని ఆజ్ఞాపించు అన్న ఆయన ప్రార్థన రోములో ఎవరో చదివి వినిపించగా పెలాజియస్ అనే సన్యాసి సహించలేకపోయాడు. దేవుడు ఆజ్ఞాపించాడంటే మనిషికి శక్తి ఉన్నట్టే కదా, చేయించేది కూడా దేవుడే అయితే సోమరికి సాకు దొరికినట్టే కదా అన్నది పెలాజియస్ అభ్యంతరం. ఆయన దుర్మార్గుడు కాదు, నైతికంగా బిగువైన మనిషి. అగస్టీను జవాబు మనిషి సంకల్పమే జబ్బుపడి ఉందని: నడవమని ఆజ్ఞాపిస్తే కుంటివాడికి కాళ్లు రావు, ఆజ్ఞ అతడు కుంటివాడని చూపిస్తుంది, నడిపించేది కృప. 418లో కార్తేజీ సభ పెలాజియస్ బోధను ఖండించింది. 529లో ఆరెంజ్ సభ, కనీసం మొదటి అడుగైనా మనిషి వేయాలన్న మెత్తని వాదాన్ని కూడా తోసిపుచ్చింది. కాబట్టి మధ్యయుగపు సంఘం కృపను మరిచిపోయిందనడం అధికారిక బోధ విషయంలో సరికాదు. ఆచరణ వేరే సంగతి.

ఆ ఆచరణే 1517లో లూథరు చేతికి చిక్కింది. పాపపరిహార పత్రాల సిద్ధాంతం సూక్ష్మమైనది: అవి పాపాన్ని క్షమించవు, క్షమించబడిన పాపానికి మిగిలి ఉన్న తాత్కాలిక శిక్షను తగ్గిస్తాయి. ఈ తేడా సామాన్యుడి దాకా చేరలేదు; డబ్బు పెట్టెలో పడింది, ఆత్మ విడుదలైంది అన్నట్టుగానే ఆ పత్రాలు అమ్ముడుపోయాయి. అంతకన్నా ముందు నుండి లూథరును తొలుస్తున్నది "దేవుని నీతి" అన్న మాట. ఆ నీతి పాపిని శిక్షించే నీతి అనుకున్నంతకాలం రోమా పత్రిక తనకు భయంగా ఉండేదని, అది దేవుడు విశ్వాసికి ఇచ్చే నీతి అని అర్థమైనప్పుడు తలుపులు తెరుచుకున్నట్టయిందని ఆయన 1545లో గుర్తుచేసుకున్నాడు. తన జర్మన్ అనువాదంలో రోమా 3:28లో "మాత్రమే" అన్న మాటను ఆయన చేర్చాడు. మూలంలో లేని మాట ఎలా చేర్చావని ప్రత్యర్థులు నిలదీస్తే, జర్మన్ భాష నడక అలా కోరుతుందని 1530లో బహిరంగ లేఖ రాశాడు. తెలుగు బైబిలులో "మాత్రమే" లేదు. "విశ్వాసమువలననే" అని ఉంది. అంత పెద్ద గొడవకు కారణమైన పదం మన దగ్గర ఒక్క ఏకారంలో ఒదిగిపోయింది.

తెలుగు బైబిలులోని ఇంకొక క్రియాపదం దగ్గర ఇంకాసేపు ఆగాలి. అదే వాక్యంలో మనుష్యులు నీతిమంతులుగా "తీర్చబడుచున్నారు" అని ఉంది. తీర్చడం అంటే ఏమిటి? న్యాయాధిపతి తీర్పు తీరుస్తాడు. అంటే నీవు నిర్దోషివి అని ప్రకటిస్తాడు, ఆ ప్రకటనతో మనిషి గుణం మారదు, అతని స్థానం మారుతుంది. శిల్పి రాయిని తీర్చిదిద్దుతాడు. అంటే నిజంగానే రూపం మారుస్తాడు. పదహారవ శతాబ్దంలో పశ్చిమ సంఘం చీలిపోయింది అచ్చంగా ఈ రెండు అర్థాల మధ్య. లూథరు అనుచరులు మొదటి అర్థాన్ని పట్టుకున్నారు: దేవుడు క్రీస్తు నీతిని చూసి పాపిని నీతిమంతుడని ప్రకటిస్తాడు, పవిత్రమైన జీవితం దానివెంట వస్తుంది గాని దానికి కారణం కాదు. లాటినులో దీనికి వాడిన పదం ఆధారంగా అగస్టీను నుండి వస్తున్న అవగాహన రెండవది: దేవుడు మనిషిని లోపలి నుండి నీతిమంతుణ్ణి చేస్తాడు. కతోలికుల ట్రెంట్ మహాసభ 1547 జనవరి 13న ఈ అంశంపై 16 అధ్యాయాలు, 33 నిబంధనలు వెలువరించింది. వాటిలో మొట్టమొదటిది విన్నవారికి ఆశ్చర్యం కలగవచ్చు: క్రీస్తు ద్వారా వచ్చే కృప లేకుండా తన సొంత క్రియలతోనే మనిషి దేవుని ఎదుట నీతిమంతుడు కాగలడనేవాడు శాపగ్రస్తుడు అని అది చెబుతుంది. తొమ్మిదవది, విశ్వాసం ఒక్కటే చాలు, మనిషి సంకల్పం అందులో పాలుపంచుకోనక్కర లేదనేవాణ్ణి ఖండిస్తుంది. కతోలికులు క్రియలను నమ్ముకుంటారు, ప్రొటెస్టెంట్లు కృపను నమ్ముకుంటారు అన్న ప్రచారం ఈ రెండు నిబంధనలను పక్కపక్కన చదివితే ఆగిపోవాలి. ఇద్దరూ కృప అనే అంటున్నారు. ఆ కృప ప్రకటిస్తుందా, తీర్చిదిద్దుతుందా అన్నదే తగాదా. ఈ తగాదాలోకి తూర్పు ఆర్థడాక్సు సంఘాలు పెద్దగా రాలేదు. రక్షణను అవి న్యాయస్థానపు భాషలో కన్నా, మనిషి దైవజీవనంలో పాలివాడు కావడంగా మాట్లాడుతూ వచ్చాయి.

కృప మాట గట్టిగా చెప్పిన ప్రతిచోటా ఒక ప్రశ్న నీడలా వెంట వచ్చింది: అయితే ఎలా బతికినా ఒకటేనా? కృప విస్తరించాలని పాపంలోనే ఉందామా అన్న ప్రశ్న పౌలు రోమా పత్రిక ఆరవ అధ్యాయంలో తానే వేసి, అట్లనరాదు అన్నాడు. లూథరుకు ఈ ప్రశ్న సొంత శిష్యుడి నుండే ఎదురైంది. సంఘంలో ధర్మశాస్త్రాన్ని బోధించనక్కర లేదు, సువార్త ఒక్కటే పశ్చాత్తాపం పుట్టిస్తుంది అన్న యోహాను అగ్రికోలాను ఆయన 1530ల చివరలో వరుస వాదప్రతివాదాలలో ఎదుర్కొన్నాడు. నాజీల కాలంలో, 1937లో, జర్మన్ పాస్టరు డీట్రిక్ బోన్‌హోఫర్ "చవక కృప" అన్న మాటతో ఇదే సంగతిని మళ్లీ పైకి తీశాడు. శిష్యరికం లేని క్షమాపణను ఆయన ఆ పేరుతో పిలిచాడు.

ఆజ్ఞలకు ఎక్కడ చోటు ఇవ్వాలన్న దానిపై సంస్కరణ సంఘాల మధ్యనే తేడా ఉంది, దానిని రెండు ప్రశ్నోత్తర బోధినుల అమరికలో కంటితో చూడవచ్చు. 1529లో లూథరు రాసిన చిన్న బోధిని పది ఆజ్ఞలతో మొదలవుతుంది. తరువాత విశ్వాస ప్రమాణం, తరువాత ప్రభువు ప్రార్థన. ముందు అద్దం చూపించి, ముఖానికి అంటినది తెలిశాక నీళ్లు చూపించే వరుస అది. 1563 నాటి హైడెల్‌బర్గు బోధినిలో 129 ప్రశ్నలున్నాయి, అవి మనిషి దుస్థితి, విడుదల, కృతజ్ఞత అని మూడు భాగాలు. దుస్థితిని తెలుసుకోవడానికి అక్కడ కూడా ధర్మశాస్త్రమే సాధనం, కానీ యేసు చెప్పిన రెండు ప్రేమాజ్ఞల రూపంలో మాత్రమే. పది ఆజ్ఞలను ఒక్కొక్కటిగా విడమరిచేది మూడవ భాగంలో, కృతజ్ఞత శీర్షిక కింద. అవే పది ఆజ్ఞలు ఒక పుస్తకంలో విడుదలకు ముందు గుమ్మం దగ్గర నిలిచాయి, ఇంకొక పుస్తకంలో విడుదలైన ఇంటి లోపల నిలిచాయి. లూథరు తరువాతి తరం సంస్కర్త కాల్విను ధర్మశాస్త్రపు ముఖ్య ప్రయోజనం ఈ రెండవదే, విశ్వాసికి దారి చూపడమే అన్నాడు. నిర్గమకాండపు వరుసకు హైడెల్‌బర్గు అమరిక దగ్గరగా ఉందని నాకు అనిపిస్తుంది. అయితే మనస్సాక్షి మొద్దుబారినవాడికి లూథరు వరుసే ముందు పనికివస్తుందని కూడా ఒప్పుకోవాలి.

1999 అక్టోబరు 31న, జర్మనీలోని ఆగ్స్‌బర్గు పట్టణంలో, కతోలిక సంఘమూ లూథరన్ ప్రపంచ సమాఖ్యా నీతిమంతులుగా తీర్చబడడం గురించి ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మనలోని ఏ యోగ్యతను బట్టీ కాక, క్రీస్తు రక్షణ కార్యం నందలి విశ్వాసంతో, కృప వలన మాత్రమే దేవుడు మనలను అంగీకరిస్తాడని, మంచి పనులకు మనలను సిద్ధపరిచి పిలిచే పరిశుద్ధాత్మను ఇస్తాడని రెండు పక్షాలూ కలిసి ఒప్పుకున్నాయి. పదహారవ శతాబ్దపు పరస్పర ఖండనలు, ఆ ప్రకటనలో వివరించిన రీతిలో బోధించేంతవరకు, ఎదుటివారికి తగలవని రాసుకున్నాయి. 2006లో మెథడిస్టులు, 2017లో సంస్కరణ సంఘాల ప్రపంచ కూటమి దానితో ఏకీభవించారు. విశ్వాసి ఒకే సమయంలో నీతిమంతుడూ పాపీ అన్న లూథరు సూత్రంపై మాత్రం ఇంకా అనుబంధ వివరణ అవసరమైంది. సంతకాలు పెట్టిన రెండు సంఘాలకూ ప్రభువు బల్ల దగ్గర కలిసి పాలుపంచుకోవడానికి అధికారిక అనుమతి ఇప్పటికీ లేదు. సంఘ సేవకుల అభిషేకం, సంఘాధికారం వంటి వేరే అంశాలు అడ్డు ఉన్నాయి. అంతియొకయలో పౌలు పేతురును నిలదీసింది సిద్ధాంతం తప్పు చెప్పినందుకు కాదు, బల్ల మార్చినందుకు.